ఎక్కడికని అడిగిన చెక్క

రాత్రి ఎనిమిదయింది. వాన ఆగింది. చూరు మాత్రం ఇంకా కారుతోంది.

ఇటు జరుగు లాస్యా. ఇంకొంచెం. తమ్ముడి మీద కాలు వెయ్యకు, ఇప్పుడే నిద్రపోయాడు. దుప్పటి లాక్కో. నీ చెయ్యి ఇలా ఇవ్వు. నాది చల్లగా ఉందా? ఉండనీ. వదలకు.

లేదు, ఏడవట్లేదు. కళ్ళు మండుతున్నాయి, అంతే.

ఇంక ఆ సంగతి వద్దు. నువ్వు దొరికావు, అయిపోయింది. తేనెకొండ మీద ఇవాళ ఎంత జనమో! వెనక్కి తిరిగి చూస్తే నువ్వు లేవు. మీ అమ్మ ఒకవైపు, నేనొకవైపు పరిగెత్తాం. చివరికి నువ్వెక్కడ కనపడ్డావు? మూడు దారుల దగ్గర, బోర్డు కింద, మంచినీళ్ళ కుండ పక్కన. గట్టు మీద గ్లాసు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నావు. "బోర్డు కూర్చోమంది అమ్మమ్మా" అన్నావు.

ఏంటీ? బోర్డు మనిషిలా ఎందుకు మాట్లాడుతుందనా? 'ఎక్కడికి తల్లీ' అని నిన్ను అడిగిందా?

అవును, అడుగుతుంది. దానికో కథ ఉంది. చెప్తాను. ఊఁ కొట్టాలి మరి.

అనగనగా ఒక కొండ. ఆ కొండకింద ఒక ఊరు. ఊరికీ కొండకీ ఒకటే పేరు, తేనెకొండ.

కొండమీద చూడాల్సినవి రెండు. ఒకటి జలపాతం, ఇంకోటి గుహ. చూడకూడనిది ఒకటుంది. అది పాత క్వారీ. ఒకప్పుడు అక్కడ రాయి కొట్టేవాళ్ళు. కొట్టగా కొట్టగా పెద్ద గొయ్యి అయింది. ఆ తర్వాత రాయి కొట్టడం మానేశారు. అప్పుడు వానలొచ్చి గొయ్యి నిండింది. తాటిచెట్టుని నిలబెడితే మునిగేంత లోతు.

దారులు మూడు. జలపాతానికి వెళ్ళే దారి సన్నం. గుహకి వెళ్ళేది ఇంకా సన్నం, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తప్పుకోవాలి. క్వారీ దారి మాత్రం విశాలం. లారీలు తిరిగిన దారి కదా. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ దారి పడతారో చెప్పు? ఆఁ, అదే.

మూడు దారులూ కలిసేచోట ఒక బోర్డు ఉండేది. ఇప్పుడు నువ్వు చూసింది కాదు. అంతకుముందుది. ఎంత పెద్ద బోర్డంటే, దాని నీడలో మేకలమంద పడుకునేది. పైన 'సుస్వాగతం' అని రాసుంది. కింద ఊరి ప్రెసిడెంటు సన్యాసినాయుడు గారి బొమ్మ. మీసాలు ఇటొక కొస, అటొక కొస, సూదుల్లా ఉంటాయి. ఆయన పక్కన ఆయన బావమరిది. బావమరిది పక్కన బావమరిది స్నేహితుడు. అందరూ దండాలు పెడుతూ ఉంటారు. దారి ఎటో చెప్పడానికి చోటు మిగల్లేదు.

బోర్డు చెప్పకపోతే మనుషులు చెప్పొచ్చు కదా అంటావా? అక్కడే ఉంది తంటా. ఆ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ 'ఎక్కడికి' అని అడగరు. బయల్దేరినవాళ్ళని ఎక్కడికని అడిగితే కీడని మన ఇళ్ళల్లోనూ అంటారులే. ఎవరైనా అడిగితే ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ బయల్దేరతాం. ఆ ఊళ్ళో అలా కాదు. అసలు అడగనే అడగరు. పక్కింటివాడు మూట నెత్తిన పెట్టుకుని పోతున్నా సరే, నోరు మూసుకుని చూస్తారు. ఎందుకో తర్వాత చెప్తాను.

అక్కడికి చాలా దూరంలో, సముద్రం పక్కన ఇంకో ఊరు. ఆ ఊళ్ళో నూకాలని ఒకావిడ. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆవిడకో కూతురు, పేరు పైడి. నీ అంత ఉంటుంది. నీలాగే ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. నీలాగే కనపడిన ప్రతి అక్షరం పైకి చదివేది.

కార్తీకమాసం వచ్చింది. వీధి వీధంతా తేనెకొండకి వనభోజనాలకి బయల్దేరారు. వ్యాన్ మాట్లాడుకున్నారు. పులిహోర గుండిగ ఎక్కించారు. పైడి మెడలో నీళ్ళ సీసా తగిలించుకుని కిటికీ పక్కన కూర్చుంది.

వ్యాన్ కదలబోతోంది. అప్పుడు ఎదురుగా పాలబ్బాయి సైకిల్ మీద వచ్చి, "ఎక్కడికర్రా అందరూ!" అన్నాడు.

అంతే. పైడి నానమ్మ నెత్తి కొట్టుకుంది. "నీకు ఇంకో మాట దొరకలేదేట్రా? దిగండర్రా, అందరూ దిగండి!"

అందరూ దిగారు. అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. డ్రైవర్‌ని కూడా కూర్చోబెట్టింది ఆవిడ. "నేను మీ ఊరివాడిని కూడా కాదు కదమ్మా" అన్నాడు డ్రైవర్. "బండి నీది కాదేటి? తాగు" అంది.

"ఎందుకు నానమ్మా?" అని అడిగింది పైడి.

"ఎవరైనా ఎక్కడికని అడిగితే ఆగిపోవాలి. ఉన్నచోటే కూర్చోవాలి. గుక్కెడు మంచినీళ్ళు తాగాలి. అప్పుడే లేవాలి."

"లేకపోతే?"

"లేకపోతే ఏటో నాకు తెల్దు. మా అమ్మ కూర్చోమంది, నేను కూర్చున్నాను. నేను కూర్చోమన్నాను, నువ్వు కూర్చో."

అలా కూర్చున్నారా, అప్పుడు నూకాలికి గుర్తొచ్చింది. గరిటె ఇంట్లో ఉండిపోయింది. పరిగెత్తి తెచ్చింది. "చూశావా? కూర్చోబట్టి గుర్తొచ్చింది" అంది నానమ్మ. పైడి తల ఊపింది. ఆ పిల్ల ఏది విన్నా గట్టిగా పట్టుకుంటుంది.

ఆ తర్వాత వ్యాన్ కదిలింది. కొండకి చేరారు. ఉసిరిచెట్టు కింద చాపలు వేశారు. పూజ చేశారు. విస్తళ్ళు వేశారు. తిన్నారు.

మధ్యాహ్నం వాలింది. ఆకాశంలో మబ్బు పట్టింది. పిల్లలందరూ జలపాతం చూస్తామన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు తోడు వెళ్ళారు. నూకాలు గిన్నెలు తోముతోంది. "వాళ్ళతోనే ఉండు" అంది పైడితో. పైడి వెళ్ళింది.

దారిలో చెప్పులోకి రాయి దూరింది. పైడి ఆగింది. చెప్పు విప్పింది. రాయి దులుపుకుంది. మళ్ళీ వేసుకుంది. తల ఎత్తి చూస్తే ముందు ఎవరూ లేరు. వాళ్ళు మలుపు తిరిగిపోయారు.

పైడి భయపడలేదు. చదువొచ్చిన పిల్ల కదా. మూడు దారుల దగ్గరికి వచ్చింది. బోర్డు ముందు నిలబడింది. పైనుంచి కిందిదాకా చదివింది. ప్రెసిడెంటు గారి పేరు చదివింది. బావమరిది పేరు చదివింది. స్నేహితుడి పేరు చదివింది. ఇంకోసారి చదివింది. జలపాతం ఎటో అందులో లేదు.

అప్పుడు పైడి ఆలోచించింది. ఇంతమంది వెళ్ళారంటే పెద్ద దారినే వెళ్ళి ఉంటారు అనుకుంది. అనుకుని, క్వారీ దారి పట్టింది.

భయమేస్తోందా? దగ్గరికి రా. నేనున్నాను.

అటు జలపాతం చూసినవాళ్ళు తిరిగొచ్చారు. వ్యాన్ ఎక్కుతున్నారు. నూకాలు అందరి మొహాలూ చూసింది. పైడి లేదు.

"మీతో రాలేదా?"

"నీ దగ్గరే ఉందనుకున్నాం వదినా."

నూకాలు చేతిలో గిన్నె కింద పెట్టింది. పరిగెత్తింది.

మొదట మొక్కజొన్న పొత్తులు కాల్చే అప్పన్న కనపడ్డాడు. "పసుపు గౌను. మెడలో సీసా" అంది నూకాలు.

"సూసానమ్మా. ఇటే ఎల్లింది, బోర్డు కాడికి. ఒక్కతే ఎల్తందే అనుకున్నాను."

"ఎక్కడికని అడగలేదా?"

అప్పన్న పొత్తు తిప్పడం ఆపేశాడు. "అడగలేదమ్మా. ఎల్లేవోళ్ళని ఎక్కడికని అడుగుతామేటి? కీడు కాదేటి?"

ఆ తర్వాత బోర్డు దగ్గర టికెట్లు ఇచ్చే గౌరీసు కనపడ్డాడు.

"సూసానమ్మా. బోర్డు సదివింది. రెండుసార్లు సదివింది. ముద్దుగా సదివింది. ఆ తరవాత తిరిగి ఎటో ఎల్లింది. అడుగుదావని నోరు తెరిసాను. మళ్ళీ మూసేసాను."

ఆ తర్వాత క్వారీ దారి మొదట్లో సోములమ్మ కనపడింది. ముసలావిడ. మేకల్ని తోలుకుని ఇంటికి వస్తోంది.

"పసుపు గౌను..."

సోములమ్మ మొహం మాడిపోయింది. చెయ్యి చాపింది. వెడల్పు దారి వైపు.

"చూశావా? చూసి పంపించావా?"

"జలపాతానికి ఎల్లాల్సిన పిల్ల ఇటెందుకొచ్చిందో అనుకున్నాను తల్లీ. అడగడానికి నాకు నోరు రాలేదు."

ముగ్గురు చూశారు, లాస్యా. ముగ్గురూ మంచివాళ్ళే. పైడికి మంచి జరగాలనే ముగ్గురూ నోరు మూసుకున్నారు.

నూకాలు తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి ఉంటే పరిగెత్తడానికి వాడుకుంది. వెనక సోములమ్మ మేకల్ని వదిలేసి వచ్చింది.

సన్నగా తుంపర మొదలైంది. దారి మలుపు తిరిగింది. అల్లంత దూరంలో పసుపు గౌను కనపడింది. బతికి ఉంది. నడుస్తోంది.

కానీ ఆ పిల్ల ముందు ఏముంది? క్వారీ గొయ్యి. నీళ్ళు కనపడవు. నీళ్ళమీద గుర్రపుడెక్క అల్లుకుపోయింది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పచ్చగా, మైదానంలా ఉంది. నడిచి వెళ్ళొచ్చు అనిపిస్తుంది. దాని అవతల నిటారుగా కొట్టేసిన రాయి, గోడలా.

"పైడీ!" అని కేక పెట్టింది నూకాలు.

కేక వెళ్ళి అవతలి రాయికి తగిలింది. రాయి తిరిగి 'పైడీ' అంది. పైడి ఆ మాట విన్నది. అమ్మ అవతల ఉందనుకుంది. అటు నడిచింది.

"పైడీ!" రెండోసారి. పైడి నడక పెంచింది.

మూడోసారి పిలవబోయింది నూకాలు. అప్పుడు సోములమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ నోరు మూసేసింది.

"పిలవకమ్మా! నువ్వు పిలిస్తే ఆ రాయి పిలుస్తాది. పిల్ల రాయి కాడికి ఎల్లిపోతాది."

పరిగెత్తినా అందేంత దూరం కాదు. పిలిస్తే అటు వెళ్తుంది. పిలవకపోయినా అటే వెళ్తుంది.

సోములమ్మ నోరు తెరిచింది. ఎన్నో ఏళ్ళుగా ఆ నోటి నుంచి రాని మాట. గొంతు పెకిలించుకుని అరిచింది.

"ఎక్కడికే తల్లీ?"

రాయి కూడా అడిగింది. 'ఎక్కడికే తల్లీ?' ఇటునుంచీ అదే మాట, అటునుంచీ అదే మాట.

పైడి ఆగింది.

ఎవరో ఎక్కడికని అడిగారు. అయితే ఏం చెయ్యాలి? నానమ్మ ఏం చెప్పింది? ఊఁ, నువ్వే చెప్పు. ఆగిపోవాలి. ఆ తర్వాత? ఉన్నచోటే కూర్చోవాలి. ఆ తర్వాత?

అవును. పైడి తడి నేల మీద కూర్చుంది. మెడలో సీసా మూత తీసింది. మంచినీళ్ళు తాగింది. కొంచెం కొంచెంగా తాగింది.

వాళ్ళు వెళ్ళి చేరేసరికి ఆ పిల్ల పాదాల ముందు ఇంకొక్క గడ్డి దుబ్బు ఉంది. ఆ తర్వాతంతా గుర్రపుడెక్కే.

"అమ్మా, నువ్వు అటున్నావు కదా, ఇటెలా వచ్చావు?" అంది పైడి.

నూకాలు కొట్టలేదు, తిట్టలేదు. పక్కన కూర్చుంది. కూతురి గౌను అంచు ఒక చేత్తో గుప్పిట పట్టుకుంది. ఇంకో చేత్తో ఆ సీసా తీసుకుని, మిగిలిన నీళ్ళు తను తాగింది.

సోములమ్మ కాస్త ఎడంగా నిలబడి ఏడుస్తోంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఏడుస్తోంది.

తిరిగి వస్తూ అప్పుడు చెప్పింది తన సంగతి. సోములమ్మ మొగుడు తేనె తీసేవాడట. ఒకరోజు భుజాన తాడు వేసుకుని బయల్దేరాడు. "ఎక్కడికి మావా?" అని అడిగింది. అప్పటికి కొత్త పెళ్ళికూతురు, తెలీక అడిగింది. ఆయన నవ్వాడు. ఆగలేదు. కూర్చోలేదు. నీళ్ళు తాగలేదు. తాడు సగం తెగి ఉందని చూసుకోలేదు. కొండమీంచి మళ్ళీ దిగలేదు.

సోములమ్మ అడగబట్టే పోయాడని ఊరంతా అంది. అప్పట్నుంచి ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఆవిణ్ణి చూసి ఊరూ మానేసింది.

"నానడిగినందుకు పోయాడన్నారమ్మా. నానూ అదే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది సోములమ్మ. "ఆగనందుకు పోయాడు. ఇయ్యాల తెలిసింది. ఈ పిల్ల ఆగింది."

బోర్డు దగ్గర జనం మూగారు. ప్రెసిడెంటు గారు గొడుగు వేసుకుని వచ్చారు.

"పిల్ల దొరికింది కదా, సంతోషం. అయినా ఇంత పెద్ద బోర్డు పెట్టాం. చూసుకోవద్దూ?"

"సూసింది బాబూ" అంది సోములమ్మ. "మీ మీసం ఒక కొస ఇటు సూపింది, ఒక కొస అటు సూపింది. ఏ కొస నమ్మాలో తెలీక మధ్యలోకి ఎల్లింది."

అప్పన్న నవ్వాడు. గౌరీసు నవ్వాడు. ప్రెసిడెంటు గారి చెయ్యి మీసం మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

నూకాలు నవ్వలేదు. "పైడీ, బోర్డు చదివావా?" అంది.

"చదివానమ్మా." బోర్డు వైపు చూడకుండా గడగడా అప్పజెప్పింది పైడి. ప్రెసిడెంటు గారి పేరు, బావమరిది పేరు, స్నేహితుడి పేరు. ఇంటిపేర్లతో సహా.

"జలపాతం ఎటు?"

"అది రాయలేదమ్మా."

నూకాలు పిల్లని ఎత్తుకుని వ్యాన్ ఎక్కింది. ప్రెసిడెంటు గారు చాలాసేపు వానలో నిలబడ్డారు. గొడుగు చేతిలోనే ఉంది గానీ, తల మీద లేదు.

ఆ తర్వాత ఊరు ఊరంతా కూర్చుంది. కొత్త బోర్డు పెట్టాలనుకున్నారు. అదేమైనా ఒక్క దెబ్బకి కుదిరిందా? లేదు.

మొదటిసారి మాస్టారు గారు రాశారు. కొండ ఎప్పుడు పుట్టిందో రాశారు, జలపాతం ఎంత ఎత్తో రాశారు, గుహలో ఏ రాయి ఎన్నాళ్ళదో రాశారు. చీమల్లాంటి అక్షరాలు. చదవడానికి ఒక పూట పట్టింది. వచ్చినవాళ్ళు రెండు ముక్కలు చదివి, వెడల్పు దారి పట్టారు.

రెండోసారి బాణాలు వేశారు. బాగానే వేశారు. కానీ గొప్పగా ఉండాలని స్తంభం ఎక్కించి, అంత ఎత్తున పెట్టారు. వ్యాన్ మీద కూర్చున్నవాళ్ళకి కనపడింది. నడిచి వచ్చే పిల్లలకి మేడిచెట్టు కొమ్మ కనపడింది.

మూడోసారి గౌరీసు ఒక మంచి చెక్క తెచ్చాడు. అప్పన్న నేలమీద గొంతుక్కూర్చుని, "పిల్ల కళ్ళు ఇంత ఎత్తులో ఉంటాయి" అని గీత గీశాడు. ఆ గీత దగ్గరే చెక్క దిగ్గొట్టారు. నీళ్ళు పడుతున్నట్టు ఒక బొమ్మ, దాని పక్కన బాణం. నల్లటి గుహ నోరు బొమ్మ, దాని పక్కన బాణం. చదువు రానివాళ్ళకీ తెలుస్తుంది.

మరి క్వారీ దారికి ఏం రాయాలి? 'దారి లేదు' అని రాద్దామన్నాడు గౌరీసు.

పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. "కార్తీకమాసం పూట ఇంటికొచ్చినోళ్ళకి ఎదురుగా 'లేదు' అంటావేట్రా? బియ్యం అయిపోతేనే నిండుకున్నాయంటాం!"

అప్పుడు సోములమ్మ లేచింది. "ఆ మాట ఎందుకు బాబూ. ఇంటి పిల్లకి ఎలా సెప్తామో అలా రాయండి. 'ఈ దారి ఇక్కడితో సరి. వెనక్కి రా తల్లీ' అనండి. వస్తాది."

అందరూ సరేనన్నారు. క్వారీ దారికి అడ్డంగా వెదురు కట్టి, దానికి ఆ మాట తగిలించారు. తర్వాత ఆవిడే అంది, "ఈ పెద్ద చెక్క మీద కూడా పైన ఒక మాట రాయి గౌరీసూ. 'ఎక్కడికి తల్లీ' అని రాయి."

ఊరు గతుక్కుమంది. "కీడు సోములమ్మా!"

"మనం అడగలేకపోతన్నాం కదా. చెక్క అడుగుతాది. దానికి భయమేటి? అడిగితే ఆగుతారు. ఆగినోళ్ళు కూర్చుంటారు. కూర్చున్నోళ్ళకి మనవాళ్ళు ఎదురొస్తారు. పక్కన ఒక కుండ పెట్టండి. నీళ్ళు నాను పోస్తాను."

కుండ పెట్టారు. గట్టు కట్టారు. కింద చివరి మాట ప్రెసిడెంటు గారే అడిగి మరీ రాయించారు. 'తప్పిపోయావా? ఇక్కడే కూర్చో. నీ వాళ్ళు ఇక్కడికే వస్తారు.' ఎక్కడా ఎవరి పేరూ రాయలేదు. పాత బోర్డు రేకు ఊడదీసి మేకల కొట్టం మీద కప్పు వేశారు. వానకి మేకలు తడవట్లేదు. ప్రెసిడెంటు గారు మాత్రం లోపలి వైపు నుంచి మేకలకి దండం పెడుతున్నారు.

నవ్వావా? నవ్వు. ఇప్పుడు బాగుంది.

మళ్ళీ కార్తీకమాసం వచ్చింది. నూకాలు వద్దనుకుంది. పైడి వెళ్దామంది. వెళ్ళారు. పైడి చెక్క ముందు నిలబడి పైకి చదివింది. "ఎక్కడికి తల్లీ?" అని చదివింది. చదివిందా, వెంటనే గట్టు మీద కూర్చుంది. కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది.

సోములమ్మ మేకల మధ్య నుంచి చూసింది. దగ్గరికి వచ్చింది. వచ్చి, బాగా దగ్గరగా వంగి, మామూలు గొంతుతో అడిగింది.

"ఎక్కడికే, తల్లీ?"

"జలపాతానికి మామ్మా. ఇటే కదా?"

"ఇటే."

ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో మళ్ళీ ఒకర్నొకరు అడుగుతున్నారు. అడిగితే ఆగుతున్నారు. నీళ్ళు తాగి వెళ్తున్నారు.

ఇవాళ నువ్వు కూర్చున్నది ఆ గట్టు మీదే. నువ్వు తాగింది ఆ కుండలో నీళ్ళే.

కథేమో కంచికి చేరిందంట,
కాళ్ళేమో గడపకి చేరాయంట,
బాణం గుర్తు చూపిందంట,
బంగారు తల్లి వచ్చిందంట.

ఇంక కళ్ళు మూసుకో.

నేనా? నేను కాసేపు మేలుకునే ఉంటాను. ఒకసారి చూసుకుని పడుకుంటాను.

తమ్ముడు, ఇదిగో, గోడ పక్కన. మీ నాన్న, వరండాలో, గురక వినపడుతోంది. మీ అమ్మ, వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. తాతయ్య, మంచం మీద. నువ్వు, ఇక్కడ, నా చేతిలో. అందరూ వచ్చారు.

ఏంటీ?

ఆఁ. పైడి కూడా వచ్చింది. పడుకో.